గ్యాస్ అయిపోయిందంటే నమ్మకమ్మా

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. హాల్లో ఫాల్స్ సీలింగుకి పళ్లెమంత పసుపు మరక పడింది, లోపలి గదికి చల్లదనం అందటం లేదు, వచ్చిన ఏసీ మిస్త్రీ నిచ్చెనైనా ఎక్కకుండానే గ్యాస్ అయిపోయిందన్నాడు అని చెప్పావు. ఇలా అనడం వరసగా ఇది మూడో వేసవి, మూడుసార్లూ డబ్బిచ్చావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను. బరంపురంలో ముప్పయ్యేళ్లకు పైగా ఈ మెషిన్లు విప్పి బిగించిన చేతులు నావి. సొంత మేనకోడలు ఇలా ఏటా డబ్బు పోసుకుంటుంటే ఊరుకోలేను.

ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. ఏసీలో గ్యాస్ ఖర్చయిపోయే వస్తువు కాదు. స్కూటర్లో పెట్రోలులా కాలిపోదు. చేతి మీద స్పిరిట్ రాస్తే ఆవిరవుతూ చల్లగా తగులుతుంది చూడు, ఆ గ్యాస్ చేసే పనీ అదే. మీ సీలింగు పైనున్న ఇండోర్ యూనిట్ కాయిల్లో, అంటే రాగి గొట్టాల చుట్టలో, ఆవిరై ఇంట్లో వేడిని లాక్కుంటుంది, డాబా మీది ఔట్‌డోర్ యూనిట్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని బయట వదిలేస్తుంది. రాగి పైపుల్లో ఇలా తిరుగుతూనే ఉంటుంది, ఎన్నేళ్లయినా అదే గ్యాస్. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతకకుండా మళ్లీ నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. ఈసారి గ్యాస్ పేరెత్తితే ఒడియాలోనే అడుగు, "లీక్ కేఉఁఠి?" అని, లీకు ఎక్కడ అని. చోటు చూపించలేకపోతే గ్యాస్ ఎక్కించొద్దని చెప్పు.

నిజంగా లీకు ఉంటే జాడ తెలుస్తుంది. గ్యాస్‌తో పాటు, దాన్ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని నూనె కూడా పైపుల్లో తిరుగుతుంది కాబట్టి, కారిన జాయింటు దగ్గర జిడ్డుగా నూనె తడి కనిపించి దాని మీద దుమ్ము పేరుకుంటుంది. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలు లేస్తాయి. పద్ధతిగా చేసేవాడైతే పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, గేజి ముల్లు దిగుతుందేమో కాసేపు కాచుకుంటాడు. జాయింటు బాగు చేశాక వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనీ పూర్తిగా లాగాలి. లోపల ఎంత గాలి మిగిలిందో చూపే మైక్రాన్ గేజి 500కి దిగి, పంపు ఆపాక కూడా పైకి లేవకుండా నిలబడాలి. ఈ పని ఎగ్గొడితే లోపల చిక్కిన తేమ నూనెతో కలిసి ఆమ్లంగా మారి ఏడాదో రెండేళ్లో కంప్రెసర్‌ను తినేస్తుంది. ఆ తర్వాతే గ్యాస్, అదీ తూకం వేసి. ఎన్ని గ్రాములో ఔట్‌డోర్ యూనిట్ పక్కనున్న ప్లేటు మీదే రాసి ఉంటుంది, పైపు పొడవు ఎక్కువైతే దానికి కొంచెం కలుపుతారు. గ్యాస్ రకం ఆర్-410ఏ అయితే అది రెండు గ్యాసుల మిశ్రమం, సిలిండర్ నుంచి ద్రవంగానే తియ్యాలి. ఆర్-32 అయితే కొంచెం అంటుకునే గుణం ఉంది, ఆ పని జరిగేటప్పుడు దగ్గర్లో దీపం గానీ అగ్గిపుల్ల గానీ వద్దు. తూకం మిషను తేకుండా సిలిండర్ ఒక్కటే భుజాన వేసుకొచ్చిన మనిషిని లోపలికి రానివ్వకు.

అసలు నీ ఇంట్లో గ్యాస్ తగ్గిందని నాకు అనిపించడం లేదు. నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి గాలి దగ్గర మొదలై నీళ్ల దాకా వచ్చింది వ్యవహారం.

హాల్లో సీలింగుకి పెద్ద జాలీ ఉంది కదా, ఇంట్లోని గాలిని వెనక్కి లాక్కునేది. దాని వెనకే ఫిల్టర్ ఉంటుంది. దాన్నెప్పుడు తీశావని అడిగితే నువ్వు జవాబివ్వలేదు. ఫిల్టర్ మూసుకుపోతే కాయిల్ మీదికి గాలి చాలదు, కాయిల్ మరీ చల్లబడి దాని మీది తడి మంచుగా గడ్డకడుతుంది. మంచు కట్టేకొద్దీ గాలి ఇంకా తగ్గుతుంది, దూరపు గదికి అసలు అందదు. మెషిన్ ఆగినప్పుడు ఆ మంచంతా ఒక్కసారిగా కరిగి, కాయిల్ కింద నీళ్లు పట్టే ట్రే నిండి సీలింగు మీదికి పొర్లుతుంది. అక్కడ నీకు మరక, ఇక్కడ మిస్త్రీకి గ్యాస్. చిక్కెక్కడంటే, గ్యాస్ నిజంగా తగ్గినా కాయిల్ మీద మంచే కడుతుంది. అందుకే ఫిల్టర్ కడిగి చూడకుండా మంచును చూసి గ్యాస్ అని తేల్చకూడదు. వేసవిలో 15 రోజులకోసారి ఫిల్టర్ తీసి కుళాయి కింద కడుగు, నీడన ఆరబెట్టి పెట్టు. మంచు కట్టిందని అనుమానం వస్తే కూలింగ్ ఆపి ఫ్యాన్ ఒక్కటే నాలుగైదు గంటలు తిప్పు. స్క్రూడ్రైవరుతో మంచు గీకడానికి ఎవర్నీ ఒప్పుకోకు, రాగి గొట్టానికి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

ఇంకొకటి. వాడని గదుల్లో చల్లగాలి వచ్చే గ్రిల్స్ మూసేస్తే కరెంటు మిగులుతుందని అల్లుడుగారు రెండు గదులవి మూసేశారని విన్నాను. డక్టుల్లోంచి, అంటే సీలింగు పైని గాలి గొట్టాల్లోంచి, అన్ని గదులకీ గాలి పంపే మన మామూలు మెషిన్‌కి అది మంచిది కాదమ్మా. బ్లోయర్ తోసే గాలికి దారి తగ్గిపోయి, పైన చెప్పిన మంచు కథే మళ్లీ మొదలవుతుంది. అన్నీ తెరిపించు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, మన ఊళ్లో ఏసీకి అసలు పని అదే కాబట్టి. సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. గోపాలపూర్ గాలి మళ్లిందంటే ఆరేసిన బట్టలు సాయంత్రానికీ ఆరవు. ఆ తేమంతా రోజూ కాయిల్ మీద నీళ్లై బిందెల లెక్కన దిగుతుంది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ మొట్టమొదట ఇలాంటి యంత్రం గీసింది కూడా మనుషుల కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకి కాగితం ఉబ్బి రంగులు పక్కకి జరిగిపోతుంటే, ఆ తేమ తియ్యడానికి గీశాడు. కాబట్టి నీళ్లు రావడం తప్పు కాదు, పోవాల్సిన దారిన పోకపోవడమే తప్పు.

సీలింగు మీద నీళ్లు పడ్డాయంటే మూడు చోట్లలో ఒకటి. ఒకటి ఇందాక చెప్పిన మంచు. రెండోది డ్రెయిన్ పైపు. ట్రేలో ఎప్పుడూ తడి ఉంటుంది కాబట్టి పాకుడు పడుతుంది, వేలితో తీస్తే జున్నులా జారుతూ వస్తుంది, అది పైపుకి అడ్డం పడుతుంది. యూనిట్ కిందనున్న సీలింగు తలుపు తీయించి మగ్గుడు నీళ్లు ట్రేలో పోయించు. చూస్తుండగానే దిగిపోవాలి. నిలబడిపోతే పైపు శుభ్రం చేయించు. పైపు మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు వాలుగా ఉందో లేదో కూడా చూడమను, సీలింగు పని చేసినవాళ్లు అడ్డమొచ్చిందని పైపును పైకి ఎత్తి కట్టేయడం నేను ఎన్ని ఇళ్లలో చూశానో. మెషిన్ నడిచినంతసేపూ పైపు చివర నీళ్లు రాకుండా, ఆపగానే భళ్లున వస్తే దానికి యు ఆకారపు వంపు పెట్టలేదని అర్థం. బ్లోయర్ ఆ పైపులోంచే గాలి పీల్చుకుంటూ నీళ్లను ట్రేలోనే ఆపేస్తుంది. వంపు పెట్టడం గంట పని. ట్రేలో ఒక ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించు, నీళ్లు నిండితే మెషిన్ దానంతటదే ఆగిపోతుంది. శుభ్రానికి మాత్రం యాసిడ్ వద్దు, పక్కనే అల్యూమినియం రేకుల కాయిల్ ఉంటుంది.

మూడోది ఎవరూ చూడనిది, డక్టుకి పట్టే చెమట. మంచినీళ్ల చెంబు బయట చెమర్చినట్టే, చల్లటి డక్టు మీద చుట్టిన ఇన్సులేషన్ ఎక్కడైనా చిరిగితే అక్కడ నీళ్లు పడతాయి. మరక ఇండోర్ యూనిట్ కింద ఒకే చోట గుండ్రంగా ఉంటే డ్రెయిన్ సంగతి. యూనిట్‌కి దూరంగా, డక్టు పోయే దారి వెంబడే చారలా ఉంటే చెమట సంగతి. మీ మరక ఫొటో పంపావు కానీ దాని పైన ఏముందో అందులో తెలియలేదు. సీలింగు తలుపు తీయించి టార్చి వేసి ఇంకో ఫొటో పంపు. డక్టు జాయింట్లు ఊడి ఉంటే అల్యూమినియం టేపు వేయించు, బట్ట టేపు ఒక్క వర్షాకాలానికే రాలిపోతుంది. ఊడిన జాయింటు నుంచి చల్లగాలి సీలింగు పైకే పోయినా లోపలి గదికి చల్లదనం అందదు.

ఔట్‌డోర్ యూనిట్ విషయంలో మన ఊరికి శత్రువు ఉప్పు గాలి. కాయిల్‌కుండే పలచటి అల్యూమినియం రేకులు, అంటే ఫిన్స్ మీద తెల్లటి పొడి కనిపిస్తే అది దుమ్మనుకోకు, లోహం తినుకుపోతోంది. నెలకోసారి మెయిన్ కట్ చేసి, మామూలు మంచినీళ్లతో మెల్లగా కడిగించు. కారు కడిగే ప్రెషర్ పంపు పెడితే ఫిన్స్ వంగి గాలి దారి మూసుకుపోతుంది. ఆ యూనిట్ చుట్టూ మీ అత్తగారు వడియాల చాపలు ఎండేస్తున్నారు, ఆవిడ నొచ్చుకోకుండా చెప్పి వేరే చోటు చూపించు. వేడిగాలి పోవడానికి దారి లేకపోతే కంప్రెసర్ కాసేపటికే ట్రిప్ అయిపోతుంది.

ఇక కరెంటు. ఇక్కడే జనం కంప్రెసర్ పోయిందన్న మాటకి హడలిపోయి వేలకు వేలు పోస్తారు. సింగిల్ ఫేజ్ మెషిన్‌లో బయట యూనిట్ గుమ్మని మూలుగుతూ స్టార్ట్ కాకపోయినా, బయట ఫ్యాన్ తిరగకపోయినా ముందు అనుమానించాల్సింది మోటారు స్టార్ట్ కావడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ని. డబ్బా మూత పైకి ఉబ్బి ఉంటే అది పోయినట్టే. దాని మీద రాసిన మైక్రోఫారడ్ అంకె ఎంతో కొత్తదానికీ అంతే ఉండాలి, వోల్టేజి అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. మెయిన్ తీసేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. నేను పనిలో చేరిన కొత్తలో నా పక్కన పనిచేసేవాడు స్విచ్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టి నిచ్చెన మీంచి పడ్డాడు, భుజం విరిగింది. కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్, అదే కాంటాక్టర్, లోపల బల్లో చీమల గుంపో చిక్కుకుని స్టార్ట్ కాకపోవడం కూడా మన వైపు మామూలే, శుభ్రం చేసి అవసరమైతే మార్చడం చిన్న పని.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, నీకు గుర్తుండే ఉంటుంది. స్తంభాలన్నీ పడిపోయి, మళ్లీ లైన్లు కలిపి కరెంటిచ్చాక నాకు ఒకే రకం ఫోన్లు మొదలయ్యాయి. మెషిన్ పెద్దగా గరగరమంటోంది, చల్లగాలి లేదు, కంప్రెసర్ మార్చాలంటున్నారు అని. ఒక ఇంటికి వెళ్లి చూస్తే కంప్రెసర్ నిక్షేపంగా ఉంది. మూడు ఫేజుల వరస మారిపోయి అది వెనక్కి తిరుగుతోంది. స్క్రోల్ కంప్రెసర్ వెనక్కి తిరిగితే శబ్దమే తప్ప పంపింగ్ ఉండదు, ఎక్కువసేపు అలా నడిపితే పాడవుతుంది. రెండు వైర్లు అటూ ఇటూ మార్చాను, పది నిమిషాల్లో చల్లబడింది. ఆ ఇంట్లో పెద్దావిడ కొత్త కంప్రెసర్ కోసం అప్పటికే గాజులు తీసి బల్ల మీద పెట్టి ఉంచింది. ఆ బల్ల ఇప్పటికీ నా కళ్ల ముందుంది. మీదీ త్రీ ఫేజ్ మెషినే. ఫేజ్ వరస మారినా, ఒక ఫేజు పోయినా ఆపేసే రిలే వస్తుంది, అది లేకపోతే వెంటనే పెట్టించు. కరెంటు పోయి వచ్చినప్పుడు నాలుగైదు నిమిషాలు ఆగి మెషిన్ వెయ్యి, లోపల రెండు వైపులా ప్రెషర్ సమం కావాలి.

గది చల్లదనం చూసి మెషిన్‌ని ఆపే థర్మోస్టాట్ మీ దేవుడి గది గోడకి ఉందన్నావు. దీపారాధన వేడి దానికి తగులుతుంటే ఇల్లంతా వణికినా మెషిన్ ఆగదు. ఎండ పడని, దీపమూ టీవీ దగ్గర లేని లోపలి గోడకి మార్పించు. 24 డిగ్రీల దగ్గర పెట్టుకో. మన ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రకి ఇల్లు నిండా చుట్టాలొచ్చి తలుపులు తెరిచే ఉంటాయి కదా, ఆ రోజుల్లో 18కి తిప్పినా వేగంగా చల్లబడదు, మెషిన్ ఆగకుండా తిరుగుతుంది అంతే. తలుపు దగ్గర ఒక పిల్లాణ్ణి కాపలా పెట్టు. కాలిన వాసన వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఎంసీబీ దింపేసి నాకు ఫోన్ చెయ్యి.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. రేపు పొద్దున్నే ఫిల్టర్ కడిగి ఆరబెట్టు, గ్రిల్స్ అన్నీ తెరువు. ఆరిన ఫిల్టర్ పెట్టి మెషిన్ వేసి అరగంట నడవనివ్వు. తర్వాత వంటింట్లో గోడకున్న మామూలు థర్మామీటర్ తీసి మొదట వెనక్కి లాక్కునే పెద్ద జాలీ దగ్గర ఐదు నిమిషాలు పట్టుకుని అంకె రాసుకో. ఆ తర్వాత ఇండోర్ యూనిట్‌కి దగ్గరగా ఉన్న గ్రిల్ దగ్గర, చివరికి లోపలి గది గ్రిల్ దగ్గర. మొదటి రెండు అంకెల మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే నీ గ్యాస్ నీ దగ్గరే ఉంది, మిస్త్రీ చేత డ్రెయిన్, డక్టు చూపిద్దాం. తేమ మరీ ఎక్కువున్న రోజైతే తేడా కొంచెం తగ్గుతుంది, కంగారు పడకు. మొదటి గ్రిల్ దగ్గర చల్లగా ఉండి లోపలి గది దగ్గర వేడిగా ఉంటే డక్టు జాయింటు ఊడింది. రెండు చోట్లా తేడా తక్కువగానే ఉంటే మాత్రం లీకు వెతికించాలి, అప్పుడు నేనే గేజులు పట్టుకుని వస్తాను.

ఆ మూడు అంకెలూ, సీలింగు పైన తీసిన ఫొటో రేపు మధ్యాహ్నం భోజనాల లోపు పంపు. అప్పటిదాకా ఎవరికీ డబ్బివ్వకు. మీ అమ్మకి నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య