బి.ఎడ్. చేయించాలా, ఆరు నెలల సర్టిఫికెట్ చాలా?

ప్రశ్న: మా అమ్మాయి చరిత్ర, రాజనీతిశాస్త్రాలతో బి.ఏ. పూర్తి చేసింది. బడిలో సోషల్ చెప్పాలని, అదీ బట్టీ పట్టించకుండా కొత్త పద్ధతుల్లో చెప్పాలని అంటోంది. రెండేళ్ల బి.ఎడ్. చేయించాలా, ‘అనుభవాత్మక బోధన’ పేరిట ఇచ్చే ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ సరిపోతుందా? చివరికి వట్టి సోషల్ టీచరుగా మిగిలిపోతుందేమోనని మా భయం. – ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఏటా నాకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. కోర్సుల పేర్లు మారుతున్నాయి గానీ, ‘వట్టి సోషల్’ అన్న మాట మారడం లేదు. మీరు పోల్చమన్నది రెండు కోర్సులనే అయినా, మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వనిది ఈ చదువుకు బంధువుల్లో గౌరవం దక్కదన్న దిగులేనని మీ ఉత్తరంలో కనిపిస్తోంది.

ముందుగా ఆ సర్టిఫికెట్ గురించి నా సందేహం చెబుతాను. నేను పరిశీలించిన ఇటువంటి కోర్సుల్లో ఎక్కువ సమయం క్విజ్ యాప్‌లకు, స్లైడ్లకు, వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలకే ఖర్చవుతోంది. ఆ కళ్లద్దాల్లో గోల్కొండను చూసిన పిల్లవాడు అబ్బురపడతాడు, నిజమే. కానీ అంత ఎత్తుకు నీళ్లు ఎలా ఎక్కాయని అడిగితే, పర్షియన్ చక్రాల గురించి, మట్టి గొట్టాల గురించి వివరించి, ఆ చక్రాలు తిప్పిన మనుషులెవరై ఉంటారన్న ఆలోచన రేకెత్తించవలసింది ఎదురుగా నిలబడిన టీచరే. విషయం మీద పట్టు లేనివారి చేతిలో ఏ పరికరమైనా మరో రకం బట్టీగానే మారుతుంది.

కొత్త పద్ధతి అంటే ఏమిటో నాకు తెలిపింది పాతబస్తీలోని ఒక ప్రభుత్వ పాఠశాల టీచరమ్మ. ఆమె తొమ్మిదో తరగతి పిల్లలను ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరకు తీసుకువెళ్లారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆమె ఆ కథతో ఆగకుండా, ఆ లెక్క ఎవరు చెప్పారో, దాన్ని ఎందుకు నమ్మాలో పిల్లలనే తేల్చమన్నారు. వరద తర్వాత 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తికావడం వారి నోటితోనే చెప్పించి, నేడు నది ఒడ్డున ఎవరు ఉంటున్నారో పటం గీయించారు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం ఒకే పాఠంలో కలిశాయి; అయిన ఖర్చు బస్సు చార్జీలే.

అటువంటి పాఠం నడపడానికి సబ్జెక్టు కావాలి, అనుభవజ్ఞుల ఎదుట నెలల తరబడి తరగతి తీసుకున్న అలవాటు కావాలి. ఆ అలవాటుకు చోటున్నది బి.ఎడ్.లోనే, పైగా ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌కు, ప్రభుత్వ టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీకి ఆ ఆరు నెలల సర్టిఫికెట్ అర్హత కాదు. హాజరు అక్కరలేదని చెప్పే కళాశాలలో చేర్పిస్తే మాత్రం రెండేళ్లూ వృథా. ఆదాయం గురించి కూడా దాచను: ప్రైవేటు బడుల్లో తొలి జీతాలు తక్కువగానే ఉంటాయి, 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరగడానికి 2024 దాకా ఆగవలసి వచ్చింది. అందుకే బి.ఎడ్.తో ఆపకుండా ఎం.ఏ. కూడా చేయించండి, జూనియర్ లెక్చరర్ పోస్టులకు దారి తెరుచుకుంటుంది.

ఒక మాట కటువుగానే చెప్పాలి. తాను ఏం బోధించాలో, ఎలా బోధించాలో ఇరవై ఏళ్లకే తెలుసుకున్న బిడ్డ ముందు ‘వట్టి’ అన్న పదం వాడడం అన్యాయం. ఇంజనీరింగ్‌లో చేరి, ఎందుకు చేరారో తెలియక నా ఎదుట కన్నీళ్లు పెట్టుకున్న పిల్లలను ఎందరినో చూశాను. మీ అమ్మాయికి ఆ అయోమయం లేదు. ఆమె చదువు గురించి మీరు భయపడవలసినంత ప్రమాదం ఏదీ నాకు కనిపించడం లేదు.

కళాశాల ఎంచుకునేటప్పుడు ఆమెను వెంట తీసుకువెళ్లండి. బోధనాభ్యాసం ఎన్ని వారాలు, ఏ బడిలో, ఎవరి పర్యవేక్షణలో జరుగుతుందో ఆమెనే అడగనివ్వండి. మీరు పక్కన కూర్చుని వినండి.