ఆంగ్లం పట్టుబడని పిల్లలకు వ్యాపార పాఠం ఎలా చెప్పాలి?

ఆరు, ఏడు తరగతుల పిల్లలకు, అందులోనూ ఆంగ్ల మాధ్యమంలో ఉంటూ ఆంగ్లం ఇంకా పట్టుబడనివారికి, ధర, గిరాకీ, వ్యాపారం వంటివి ఎలా బోధించాలని మీరు అడిగారు. నేను ఆదోని ప్రాంతంలో సాంఘికశాస్త్రం చెబుతాను. మా తరగతిలో ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు కూడా ఉంటారు కనుక కొందరికి ఆంగ్లం మూడవ భాష. నా అనుభవంలో బేరం ముందు జరగాలి, నిర్వచనం చివర రావాలి.

చీటీలు వేసి ఒక్కొక్కరికి ఒక్కో చిన్న వస్తువు ఇస్తాను: పెన్సిలు, రబ్బరు, వేరుశనగ చిక్కీ, గోలీలు. దక్కినది ఎంత నచ్చిందో పదికి మార్కులు వేయమని, వాటిని బోర్డు మీద కూడతాము. తరువాత బెంచీలో పక్కవారితో, ఆపైన తరగతిలో ఎవరితోనైనా మార్చుకోనిచ్చి ప్రతిసారీ మళ్ళీ కూడతాము. ఇష్టం లేనివారు మార్చుకోనక్కరలేదు. కొత్త వస్తువు ఒక్కటీ రాకుండానే మొత్తం పెరుగుతుంది. బజారు పెద్దదైన కొద్దీ ఇంకా పెరుగుతుంది. వ్యాపారమంటే ఒకరు గెలిచి మరొకరు మోసపోవడమేనని నమ్మే పిల్లలకు (దళారుల గురించి ఇళ్ళలో వినే మాటలు అలాంటివి మరి) ఆ కూడిక చెప్పినంత స్పష్టంగా నేను చెప్పలేను.

ఎందుకు పెరిగిందన్న చర్చ ఏ భాషలో జరిగినా అడ్డుచెప్పను. అది తేలిన తరువాతే ‘ఐ గేవ్... ఐ గాట్... బికాజ్...’ అని బోర్డు మీద రాసి ఖాళీలు నింపి చెప్పమంటాను. తాను చేసిన బేరమే కనుక వెనుకబెంచీ పిల్లవాడు కూడా నోరు విప్పుతాడు. ద్విభాషా పాఠ్యపుస్తకం తెరిచేది అప్పుడే.

విదేశీ వాణిజ్యానికి వేరుశనగను మించిన ఉదాహరణ మన ప్రాంతంలో లేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అవుతున్నది. అందులో పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను ఆపి, మే 23న మళ్ళీ అనుమతించింది. పటంలో ఆ దేశాన్ని చూపి, అక్కడ ఓడలు ఆగితే ఇక్కడ వేరుశనగ నూనె ధర ఏమవుతుందని అడుగుతాను. పంట అమ్మే ఇంటి పిల్లలు ఒకలా, అంగడిలో నూనె కొనే ఇంటి పిల్లలు మరొకలా వాదిస్తారు. రెండు వాదాలూ సరైనవే కనుక తీర్పు చెప్పను. దీనికి ఎదురు ఉదాహరణగా, 2023 ఆగస్టులో మన ప్రభుత్వమే ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం వేసి, డిసెంబరులో ఎగుమతిని నిషేధించిన సంగతి చెప్పవచ్చు. కర్నూలు వైపు ఉల్లి పండించేవారి పిల్లలకు ఇది వెంటనే తగులుతుంది. మద్దతు ధర, జీఎస్టీ వంటివి ఈ వయసులో పేరు తెలిస్తే చాలు.

మార్కులు కారణం చెప్పినందుకు ఇవ్వండి; ఆంగ్లంలోని తప్పులు విడిగా దిద్దవచ్చు. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం: ఇంట్లో పంట ఎంతకు అమ్మారు, అప్పు ఎంత ఉంది అని పిల్లలను తరగతిలో అడగవద్దు. లెక్కలకు జిల్లా పత్రికలో వచ్చే మార్కెట్ యార్డు ధరలు సరిపోతాయి.