నాన్ రిఫండబుల్ టికెట్టు: క్యాన్సిల్ నొక్కే ముందు

బ్రాడీపేట, గుంటూరు

చి.సౌ. స్వాతికి బాబాయి ఆశీస్సులు.

గన్నవరం నుంచి బెంగళూరుకు తీసిన నాలుగు టికెట్ల సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ప్రయాణం ఆగిపోయిందనీ, టికెట్ల మీద నాన్ రిఫండబుల్ అని ఉంది కాబట్టి డబ్బు పోయినట్టేనని అల్లుడుగారు తేల్చేశారనీ అంది. అంతా పోదమ్మా, అలాగని అంతా రాదు. ఎంత వస్తుందన్నది నువ్వు క్యాన్సిల్ ఎప్పుడు నొక్కుతావన్న దాని మీద చాలావరకు ఉంటుంది. అందుకని ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ మీట జోలికి పోవద్దు.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. టికెట్లు కొని ఇంకా 24 గంటలు కాకపోతే, ప్రయాణం తేదీ కొన్న రోజుకు కనీసం ఏడు రోజుల అవతల ఉంటే, వెంటనే రద్దు చెయ్యి. విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నియమం ప్రకారం ఆ 24 గంటల్లో రద్దు చేసినా, తేదీ మార్చినా రుసుము తీసుకోకూడదు. తేదీ మార్చుకుంటే కొత్త విమానం చార్జీలో తేడా మాత్రం కట్టాలి. ఈ గడువును 48 గంటలకు పెంచాలని 2025 నవంబరులో డీజీసీఏ ప్రతిపాదించింది. అది అమల్లోకి వచ్చిందేమో చూసుకో. అయినా నువ్వు 24 గంటలనే గడువుగా పెట్టుకుంటే ఎవరితోనూ వాదన ఉండదు.

ఆ గడువు దాటిపోయిందనుకుందాం. ఇప్పుడు బిల్లు తీసి చూడు. యాప్‌లో కనిపించే మొత్తం కాదు, మెయిల్లో వచ్చిన టికెట్టు కింద విడివిడిగా వేసిన లెక్క. ఉదాహరణకు ఒక్కో టికెట్టు 4,150 రూపాయలు అనుకో. అందులో మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపి 3,000. ఎకానమీకి జీఎస్టీ 5 శాతం చొప్పున 150. ఏవియేషన్ సెక్యూరిటీ ఫీజు 200. విమానాశ్రయం వాళ్ల యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు 450. ఆన్‌లైన్లో కొన్నందుకు వేసే కన్వీనియన్స్ ఫీజు 350. నాన్ రిఫండబుల్ అన్న మాట వర్తించేది ఆ 3,000కే. సెక్యూరిటీ ఫీజు, డెవలప్‌మెంట్ ఫీజు విమానం కంపెనీ సొమ్ము కాదు. ప్రయాణం జరగకపోతే తిరిగి ఇచ్చెయ్యాల్సిందే. ఆఫర్లో కొన్న టికెట్టయినా సరే, చెప్పకుండా మానేసినా సరే, డీజీసీఏ నియమం ఇదే చెబుతుంది. జీఎస్టీ దగ్గర చిన్న మెలిక ఉంది. రద్దు రుసుము మీద కూడా అదే రేటున పన్ను పడుతుంది కాబట్టి, మూల చార్జీ మొత్తం కోతలో పోతే ఆ 150 దాదాపు దానికే సరిపోతుంది. కన్వీనియన్స్ ఫీజు మీద ఆశ పెట్టుకోవద్దు. అంటే తలకు 650, నలుగురికి 2,600 రూపాయలు నీకు ఖాయంగా రావాల్సినవి. ఈ డబ్బు పంపడానికి ప్రాసెసింగ్ చార్జీ అని మళ్లీ ఏదన్నా కోస్తే అదీ నియమానికి విరుద్ధమే.

ఇంకొకటి గమనించు. రద్దు రుసుము ఎంత రాసుకున్నా మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన దాన్ని మించకూడదు. ఇలాంటి చవక టికెట్ల మీద ఆ రుసుము మామూలుగానే మూల చార్జీ మొత్తాన్ని తినేస్తుంది. అందుకే రిఫండబుల్ అని రాసి ఉన్న చవక టికెట్టుకూ, నీ టికెట్టుకూ చేతికి వచ్చే డబ్బులో పెద్ద తేడా ఉండదు. ఆ మాట చూసి బెంబేలెత్తనక్కర్లేదు.

ఇక అసలు కిటుకు. మూల చార్జీ ఎలాగూ పోయేదే అయితే, ఇవాళ రద్దు చేసినా ప్రయాణం ముందురోజు రాత్రి చేసినా వచ్చేది అదే 650. మరి తొందరెందుకు? ఈలోపు కంపెనీ తనంతట తానే ఆ సర్వీసును రద్దు చేయవచ్చు, వేళ బాగా మార్చవచ్చు. అప్పుడు మాట తప్పింది వాళ్లు, నువ్వు కాదు. మొత్తం డబ్బు అడిగే హక్కు నీకు వస్తుంది. ముందే తొందరపడి రద్దు చేసుకున్నవాళ్లకు ఆ హక్కు ఉండదు. అయితే ఫేర్ రూల్స్, అంటే ఆ టికెట్టు షరతుల పేజీ, ఒకసారి తెరిచి చూడు. ప్రయాణానికి ఇన్ని రోజుల ముందు ఇంత, తర్వాత ఇంత అని మెట్లు పెట్టి ఉంటే, రుసుము పెరిగే రోజుకు ముందే తేల్చుకోవాలి. మెట్లు లేకపోతే ఆగడమే లాభం. ఈలోగా వెబ్ చెకిన్ మాత్రం చేయవద్దు. చేస్తే దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప రద్దు కుదరదు, చివరి వేళ అదో తలనొప్పి. దేశంలో తిరిగే విమానాలకు ఆన్‌లైన్ రద్దును బయల్దేరే వేళకు రెండు మూడు గంటల ముందే మూసేస్తారు కాబట్టి, ముందురోజు రాత్రే ఆఖరి గడువు అనుకో.

వేళ మారిందని మెసేజ్ వస్తే దాని కింద అంగీకరిస్తున్నాను అన్న మీట ఉంటుంది. చాలామంది అలవాటుగా నొక్కేస్తారు. నొక్కితే కొత్త వేళకు ఒప్పుకున్నట్టే, తర్వాత రిఫండ్ అడిగితే ఆ అంగీకారాన్నే చూపిస్తారు. ముందు స్క్రీన్‌షాట్ తీసుకో. విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, మొత్తం డబ్బో ఇవ్వాలని డీజీసీఏ నియమం. అంతకంటే తక్కువ మార్పులకు కూడా ఉచితంగా రద్దు చేసుకోనిచ్చే కంపెనీలు ఉన్నాయి. అది వాళ్ల షరతుల పత్రంలో షెడ్యూల్ మార్పు అన్న భాగంలో ఉంటుంది.

సర్వీసు రద్దయితే వాళ్లు మొదట చూపించేది క్రెడిట్ షెల్. అంటే డబ్బు వాళ్ల దగ్గరే ఉంచుకుని మళ్లీ మనచేత వాళ్ల టికెట్టే కొనిపించే ఏర్పాటు. దానికి ఒప్పుకోవాలో వద్దో ప్రయాణికుల ఇష్టం, కంపెనీ తనంతట తాను అలా మార్చేయకూడదు. నెలకోసారి తిరిగేవాళ్లకైతే సరే. నీలాంటి వాళ్లకు అది గడువు తీరి పోయే సొమ్మే. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే ఏడు రోజుల్లో కార్డుకే తిరిగి పడాలి.

సర్వీసు రద్దయిన సంగతి కనీసం 24 గంటల ముందు కూడా చెప్పకపోతే రిఫండ్‌తో పాటు పరిహారం కూడా అడగవచ్చు. గంటలోపు ప్రయాణమైతే 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, ఆపైన 10,000. కానీ ఆ అంకె గానీ, ఒకవైపు మూల, ఇంధన చార్జీలు గానీ, రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. బెంగళూరు ప్రయాణం గంటపైన కాబట్టి 7,500 కిందకు వస్తుంది గానీ, మన లెక్కలో చేతికందేది 3,000. జనవరి తెల్లవారుజామున గన్నవరంలో మంచు పట్టి విమానం ఆగితే వాతావరణం కింద లెక్కగట్టి పరిహారం ఇవ్వరు. పరిహారం లేదన్నంత మాత్రాన రిఫండ్ లేదని కాదు. కౌంటరు దగ్గర ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే నువ్వు విడదీసి అడుగు.

టికెట్లు కంపెనీ యాప్‌లో తీశారా, గవర్నర్‌పేటలో ఏ ఏజెంటు దగ్గరన్నా తీశారా? ఏజెంటు అయితే ముందు టికెట్టు మీద ఎవరి ఫోన్ నంబరు, ఎవరి మెయిల్ ఉన్నాయో చూడు. చాలామంది తమ నంబరే వేసుకుంటారు. కంపెనీ పంపే మార్పుల కబుర్లన్నీ వాళ్లకు పోతాయి. పైగా సరైన నంబరు ఇవ్వని ప్రయాణికులకు పరిహారం ఇవ్వనక్కర్లేదని నియమంలోనే ఉంది. టికెట్టు మీది బుకింగ్ నంబరు, అదే పీఎన్ఆర్, తీసుకుని కంపెనీ వెబ్‌సైట్లో నీ నంబరు ఇవాళే చేర్పించు. రిఫండ్ బాధ్యత ఏజెంటుది కాదు, కంపెనీదే. ఏజెంటు వాళ్ల ప్రతినిధి మాత్రమే, డీజీసీఏ పెట్టిన గడువులోగా డబ్బు నీకు చేరాలి. కంపెనీ నుంచి ఇంకా రాలేదని ఏజెంటు, ఏజెంటుకు ఎప్పుడో పంపామని కంపెనీ చెబుతుంటే, పంపిన తేదీ, మొత్తం రాతపూర్వకంగా ఇమ్మని కంపెనీని అడుగు. ఆ మెయిల్ చూపిస్తే ఏజెంటు దగ్గర మాట మారుతుంది. నేరుగా కార్డుకు పంపామంటే ఆ చెల్లింపు జాడ తెలిపే ఏఆర్ఎన్ నంబరు అడుగు, దాంతో బ్యాంకువాళ్లు సొమ్ము ఎక్కడుందో చెప్పగలరు.

ప్రయాణం ఆగింది మీ అత్తగారి ఆరోగ్యం వల్లనని విన్నాను. ఆమె పేరు కూడా అదే పీఎన్ఆర్‌లో ఉంటే, ఆసుపత్రిలో చేర్చిన కాగితం, డిశ్చార్జ్ సమ్మరీ, ప్రయాణం తగదన్న డాక్టరు లేఖ జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టు. ఇది హక్కు కాదు, వాళ్ల దయ. అయినా ప్రయాణం తేదీకి ముందే పంపితే తేదీ రుసుము లేకుండా మార్చడమో, క్రెడిట్ ఇవ్వడమో చేసే అవకాశం ఉంది. టికెట్టుతో పాటు ప్రయాణ బీమా టిక్కు పడిందేమో కూడా చూడు. పడి ఉంటే మూల చార్జీ బీమా కంపెనీ దగ్గర అడగవచ్చు. వాళ్లకు ఆసుపత్రి బిల్లులతో పాటు రద్దు చేసినట్టు రుజువు కూడా కావాలి.

నలుగురిలో ఇద్దరు వెళ్లినా వెళ్లవచ్చు అనుకుంటే మొత్తం పీఎన్ఆర్ రద్దు చేయవద్దు, ప్రయాణికుల పేర్లు ఎంచుకుని ఆ ఇద్దరివే తీసెయ్యి. వాళ్ల టికెట్ల మీద వేరేవాళ్లను పంపడం కుదరదు. పేరు మార్చరు, తప్పు దిద్దుతారు అంతే. మనవాళ్ల ఇంటిపేర్లు ముందుండి, ఆధార్లో ఒకలా టికెట్టులో ఇంకొకలా పడే గొడవ తెలిసిందేగా. కంపెనీ వెబ్‌సైట్లో కొన్న టికెట్టయితే 24 గంటల్లోపు చెబితే ఉచితంగా దిద్దాలి.

రావాల్సింది రాకపోతే ముందు కంపెనీకి మెయిల్. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చాలు: పీఎన్ఆర్, ప్రయాణం తేదీ, రద్దయిన తేదీ, రావాల్సిన మొత్తం అంకెలతో విడివిడిగా, డీజీసీఏ సివిల్ ఏవియేషన్ రిక్వైర్‌మెంట్స్ సెక్షన్ 3, సిరీస్ ఎమ్, పార్ట్ 2 ప్రకారం అడుగుతున్నానని. కోపం రాయొద్దు, అంకె రాయి. జవాబు నచ్చకపోతే వాళ్ల వెబ్‌సైట్లోనే ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరు, ఆపైన అప్పిలేట్ అథారిటీ మెయిళ్లు ఉంటాయి. తర్వాత పౌర విమానయాన శాఖవారి ఎయిర్‌సేవ పోర్టల్లో ఫిర్యాదు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కంపెనీ సర్వీసు రద్దుచేసి డబ్బు ఇవ్వకుండా కూర్చుంటే కార్డు ఇచ్చిన బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డు మీద కట్టిన సొమ్ము వెనక్కి ఇప్పించమన్న అర్జీ, పెట్టు. నీ అంతట నువ్వు రద్దు చేసుకున్న టికెట్టు మూల చార్జీకి అది పనిచేయదు, పెడితే ఓడిపోతావు.

ఆఖరికి వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. 2,600 కోసం అంతదూరం పోవాలా అన్నది మీ ఇష్టం. మొత్తం పదహారు వేల పైచిలుకు వాళ్లే రద్దుచేసి ఆపేస్తే మాత్రం నేనైతే వేయమంటాను.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకొద్దు. రిఫండ్ కోసం వెతికేవాళ్లకు దొంగ నంబర్లు పెట్టి, ఏదో యాప్ దింపమని, ఓటీపీ చెప్పమని ఖాతా ఖాళీ చేస్తున్నారు. నంబరు టికెట్టు మీదో, కంపెనీ యాప్‌లోనో ఉన్నదే వాడు. డబ్బు వెనక్కి రావడానికి ఓటీపీ అవసరం ఎప్పుడూ ఉండదు.

టికెట్టు కింది చార్జీల లెక్క ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, ఫేర్ రూల్స్ పేజీ కూడా. రుసుముకు మెట్లున్నాయో లేవో చూసి ఏ రోజు దాకా ఆగాలో రాత్రికి చెబుతాను.

మీ బాబాయి