జూ బయాలజీ చదువుతానంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి,

మామయ్య దీవెనలు. జూ బయాలజీలో, అంటే జూలో ఉండే జంతువుల బతుకునీ ప్రవర్తననీ చదివే శాస్త్రంలో, డిగ్రీకి అప్లై చేస్తున్నానని, ఇంట్లో మాత్రం ఇంకా తటపటాయిస్తున్నారని రాశావు. ముప్ఫై ఏళ్లు జూలో పనిచేసినవాడిగా నా మాట అడిగావు. చేరు తల్లీ. అయితే అందులో ఏముందో తెలుసుకుని చేరు.

జంతువులంటే ఇష్టం ఉన్నవాళ్లే ఈ చదువుకి వస్తారు. అది లేకపోతే ఈ పనిలో నిలవలేం కూడా. కానీ కాలేజీలో నీకు ముందుగా నేర్పేది చూడటం, చూసింది చూసినట్టు రాయడం. నేను చేరిన మొదటి ఏడాది ఒక ఎలుగుబంటి కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. అదే దారి, అదే మలుపు, అదే చోట తల తిప్పడం. అది నడిచిన మేర గడ్డి చచ్చిపోయి కాలిబాట పడింది. "పాపం, దిగులుగా ఉంది" అని రిజిస్టర్లో రాశాను. జంతువుల బాగోగులు చూసే అధికారి, మా క్యూరేటర్, అది చదివి, "నీకు కనబడేది నడక. నడక రాయి" అన్నారు.

మర్నాటి నుంచి చేతిలో గడియారం, కాగితం. నడుస్తోందా, పడుకుందా, తింటోందా, వాసన చూస్తోందా అని నిమిషానికోసారి గుర్తు పెట్టాను. రెండు వారాలయ్యాక లెక్కేస్తే, మేత వేసే ముందు గంటలోనే ఆ తిరుగుడు ఎక్కువని తేలింది. ఒక్క వేళకి ఒక్కచోట వేసే మేతను దుంగల సందుల్లో, ఎండుటాకుల కింద, వేళలు మార్చి దాచడం మొదలుపెట్టాం. వెతుక్కునే పని దొరికేసరికి నడక తగ్గింది. తగ్గిందని గట్టిగా చెప్పడానికి మళ్లీ రెండు వారాలు రాశాం. ఆ కాలిబాట మీద గడ్డి మొలవడం చూసినప్పటి సంతోషం ఇంకా నాలో ఉంది.

ఈ శాస్త్రానికి పునాది వేసిన స్విట్జర్లాండ్ ఆయన పేరు హైని హెడిగర్. బెర్న్, బాసెల్, జ్యూరిక్ జూలకు డైరెక్టర్‌గా చేశారు. మనిషి ఎంత దగ్గరికొస్తే ఏ జంతువు పారిపోతుందో ఆ దూరం మీద ఆయన చేసిన పని నీకు తప్పకుండా పాఠంగా వస్తుంది. శ్రద్ధగా చదువు. జంతువును ఉంచే ఆవరణ (ఎన్‌క్లోజర్) కొలతల కంటే లోపల దాక్కునే చాటు, ఎక్కే కొమ్మ ఉన్నాయా లేదా అన్నదే ముందు చూడాలని ఆయన వల్లే మాకు అర్థమైంది.

స్టాటిస్టిక్స్, జెనెటిక్స్ గట్టిగా పట్టుకో. యూరోపియన్ బైసన్ అనే అడవి దున్న 1927 నాటికి అడవుల్లో ఒక్కటీ మిగల్లేదు. జూలలో బతికినవాటి వంశావళిని పుస్తకంలో రాసుకుంటూ జతలు కలిపి, 1952లో మళ్లీ అడవికి వదిలారు. ఇప్పుడున్నవన్నీ 12 జంతువుల సంతానమే. అలాంటి పుస్తకాన్ని స్టడ్‌బుక్ అంటాం. ఏ ఆడదానికి ఏ మగదాన్ని జత చేయాలో, దేన్ని ఏ జూకి పంపాలో నిర్ణయించేది దాన్ని చూసే.

ఉద్యోగాల సంగతి. చాలామందికి మొదటి మెట్టు కీపర్ పనే. పొద్దున్నే పేడ ఎత్తాలి, నేల కడగాలి, మేత తూచాలి. పేడ గట్టిపడినా పలచబడినా, నిన్నటి మేత మిగిలినా డాక్టర్ కంటే ముందు కనిపెట్టాల్సింది నువ్వే. సెలవు రోజుల్లోనూ వాటికి ఆకలేస్తుంది. మొదట్లో జీతం తక్కువ, పోటీ ఎక్కువ. ఆ తర్వాత దారులు చీలతాయి: క్యూరేటర్, రికార్డులు చూసే రిజిస్ట్రార్, పోషకాహార నిపుణులు, సందర్శకులకు చెప్పే ఎడ్యుకేషన్ అధికారి, పరిశోధన, అడవుల్లో సంరక్షణ ప్రాజెక్టులు. వైద్యం మాత్రం ఈ డిగ్రీతో చేయలేవు, దానికి వెటర్నరీ వేరే చదవాలి. నీకు ఆ ఆశ ఉంటే ఇప్పుడే తేల్చుకో.

కోర్సు ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడుగు: చదువులో భాగంగా జూలో నెలల తరబడి పని ఇస్తారా? నీ ప్రాజెక్టుకి నువ్వే స్వయంగా జంతువును చూసి లెక్కలు సేకరిస్తావా? రెండూ లేకపోతే ఇంకో కాలేజీ చూడు.

అప్లికేషన్ పంపే ముందు ఏదైనా ఒక్క జంతువు ఎదుట గంటసేపు కూర్చో. నిమిషానికోసారి అది చేసేది రాయి. ఫోన్ బ్యాగులో పెట్టు. ఆ కాగితం ఎలా ఉన్నా దిద్దకుండా నాకు పంపు.

ప్రేమతో,
మామయ్య