ఆకలి తీర్చే పని చేస్తానంటోంది... ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతిలో ఉంది. లెక్కలు బాగా చేస్తుంది, బయాలజీ మీద అంత ఇష్టం లేదు. ప్రపంచంలో ఎవరూ ఆకలితో ఉండకుండా చేసే పనిలోకి వెళ్తానని ఏడాదిగా పట్టుబడుతోంది. దానికి అగ్రికల్చర్ ఒక్కటే దారి అంటున్నారు అందరూ. తీరా చదివాక ఉద్యోగం నిలకడగా ఉంటుందో లేదోనని మాకు టెన్షన్. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. వాటిలో చాలావాటికి లెక్కలు బాగా వచ్చినవాళ్లే కావాలి. అగ్రికల్చర్ మంచి చదువే, కానీ అదొక్కటే దారి అనుకోకండి.

ఆకలి అనగానే అందరికీ పంటే గుర్తొస్తుంది. నార్మన్ బోర్లాగ్ 1944లో మెక్సికో వెళ్లి గోధుమ తుప్పు తెగులు మీద పని మొదలుపెట్టాడు. తర్వాత గింజ బరువుకు ఒరిగిపోకుండా నిలబడే పొట్టి రకాలు తయారుచేశాడు. అవి కోట్లమంది కడుపు నింపాయి. 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆయన చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం. అంతకు ముందే ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే పద్ధతి కనిపెడితే, కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించాడు. 1913లో ఆ ఉత్పత్తి మొదలైంది. దాని నుంచి వచ్చిన ఎరువులు లేకపోతే ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మందికి తిండి ఉండదని అంచనా. వాళ్లిద్దరిదీ కెమిస్ట్రీ.

ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది. 2080ల్లో సుమారు 1030 కోట్ల దాకా వెళ్తుందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందరికీ సరిపడా ఇంకా పండించాల్సిందే. కానీ 2022లో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా చేశాయి. కోత నుంచి దుకాణం చేరేలోపు పోయేది ఇందులో కలవలేదు. 2024లో 67 కోట్లమందికి పైగా ఆకలితో ఉన్నారు. 1943 బెంగాల్ కరువును అధ్యయనం చేసి అమర్త్యసేన్ చెప్పింది ఇలాంటి సంగతే: తిండిగింజలు ఉన్నా వాటిని కొనుక్కునే దారి లేక జనం చనిపోయారని. ఆయన ఎకనామిస్ట్. ఈ మధ్య సూడాన్‌లో, గాజాలో కరువు రావడానికి ప్రధాన కారణం యుద్ధం.

అందుకే ఇలాంటి కోరికతో వచ్చే పిల్లలను నేను ముందు ఒకటే అడుగుతాను. పండించే పనా, పండింది పాడవకుండా దాచే పనా, అవసరమైన చోటికి చేరవేసే పనా, ఎవరికి అందట్లేదో కనిపెట్టే పనా? ఏ చదువు అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

దాచే పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే దాన్ని కోరుకుని వచ్చే పిల్లలు నాకు అరుదుగా కనిపిస్తారు. పశ్చిమ ఆఫ్రికాలో అలసందలు ఇంట్లో నిల్వ చేస్తే కొన్ని నెలల్లోనే పురుగు పట్టి గింజలన్నీ చిల్లులు పడేవి. ఆ భయంతో రైతులు కోత అవగానే, ధర బాగా తక్కువగా ఉన్నప్పుడే అమ్మేసుకునేవారు. పర్డ్యూ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు దీనికి పిక్స్ అనే సంచి తయారుచేశారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన మామూలు నేత సంచి, అంతే. గింజలు నింపి, గాలి బయటికి నొక్కేసి, ఒక్కో సంచి మూతి మెలితిప్పి గట్టిగా కట్టేస్తారు. లోపలి పురుగులు ఉన్న కాస్త ఆక్సిజన్ వాడేసుకుంటాయి. ఆ తర్వాత తినవు, పెరగవు. మందు కలిపే పనే లేదు. చూడటానికి ఒట్టి సంచే. దాని వెనక కీటకశాస్త్రం ఉంది, ప్లాస్టిక్ ఇంజినీరింగ్ ఉంది, ఊరూరా తిరిగి ఎలా కట్టాలో చూపించినవాళ్ల ఓపిక ఉంది.

మీ అమ్మాయికి మాత్రం చేరవేసే పని, కనిపెట్టే పని ముందు పరిచయం చేయండి. రెండూ లెక్కల మీదే నడుస్తాయి. కరువు ప్రాంతాల్లో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టూ రంగుల టేపు పెట్టి కొలుస్తారు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే టేపు మీద ఎరుపు కనిపిస్తుంది. ఆ బిడ్డకు వెంటనే చికిత్స మొదలుపెట్టాలని అర్థం. ఇలాంటి వేల కొలతలకు వర్షపాతం, మార్కెట్ ధరలు, ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే పంటల పచ్చదనం జోడించి, ఏ ప్రాంతంలో తిండి కొరత రాబోతోందో నెలల ముందే చెప్పేవాళ్లున్నారు. అది స్టాటిస్టిక్స్, రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాల నుంచి సమాచారం రాబట్టే విద్య) తెలిసినవాళ్ల పని. ఇక ఏ సరుకు ఎక్కడ కొనాలి, ఏ ఓడరేవు నుంచి ఏ దారిన పంపితే ఉన్న డబ్బుతో ఎక్కువమందికి అందుతుందన్నది ఆపరేషన్స్ రీసెర్చ్. ఆకలితో ఉన్నవాళ్లకు తిండి చేరవేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రపంచ ఆహార కార్యక్రమానికి 2020లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన సంగతి చాలామందికి తెలుసు. మరుసటి ఏడాది అదే సంస్థకు ఆపరేషన్స్ రీసెర్చ్‌లో పేరున్న ఫ్రాంజ్ ఎడెల్‌మన్ అవార్డు వచ్చింది. ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ఉద్యోగం నిలకడ గురించి మీరు భయపడటంలో తప్పు లేదు. అంతర్జాతీయ సాయం సంస్థల్లో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు మీదే ఉంటాయి. దేశాలిచ్చే నిధులు ఆగితే ఉద్యోగాలూ పోతాయి. 2025లో అమెరికా విదేశీ సాయం తగ్గించినప్పుడు చాలామంది అలాగే రోడ్డున పడ్డారు. కాబట్టి డిగ్రీ ఎక్కడైనా పనికొచ్చేది తీసుకోనివ్వండి: స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, కాదంటే సివిల్ లేదా అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. ఈ చివరిదాంట్లో సాగునీరు, యంత్రాలు, నిల్వ అన్నీ వస్తాయి, లెక్కలు వచ్చినవాళ్లు బాగా రాణిస్తారు. ఆకలి వైపు తిరగడం పీజీలో: అగ్రికల్చరల్ ఎకనామిక్స్, రిమోట్ సెన్సింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్. అలా చేస్తే సాయం సంస్థల తలుపు మూసుకున్నా పంటల బీమా, ఆహార శుద్ధి, కోల్డ్ స్టోరేజీ కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, పరిశోధన సంస్థలు ఉంటాయి. బయాలజీ మీద ఇష్టం లేకపోయినా నేల, పోషకాహారం గురించి ఒకటి రెండు కోర్సులు చదవక తప్పదు. డిగ్రీలో ఉండగానే కనీసం ఒక సీజన్ రైతుల మధ్య గడపాలి. ఇది మాత్రం వాయిదా వేయనివ్వకండి. పొలం తెలియనివాళ్ల లెక్కలు తప్పుతాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ల ఫావోస్టాట్ వెబ్‌సైట్‌లో 1961 నుంచి దేశాలవారీగా పంటల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. ఒక పంట, మూడు దేశాలు ఎంచుకుని, దిగుబడి ఎక్కడ పెరిగింది, ఎక్కడ పెరగలేదు, ఎందుకు అన్నది రెండు పేజీల్లో రాయమనండి. రాసేటప్పుడు ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగిపోయిందో గమనించి నాకు రాయండి. కోర్సుల పేర్లు అప్పుడు ఖాయం చేద్దాం.