సబ్‌వూఫర్ కొనేముందు వెనక ప్లేటు చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాం. 12x14 అడుగుల గదిని హోమ్ థియేటర్‌కి వదిలాం, బేస్ ఇచ్చే స్పీకర్, సబ్‌వూఫర్‌కే లక్షన్నర దాకా పెడదామని ఉంది. చూసినవాటిలో ఒకటి 12 అంగుళాల సీల్డ్ (డబ్బా పూర్తిగా మూసి ఉండేది), 500 వాట్లు. రెండోది 12 అంగుళాల పోర్టెడ్ (డబ్బాకి గాలి పోయే రంధ్రం ఉండేది), దానిమీద 1,500 వాట్స్ పీక్ అని ఉంది. షోరూమ్ వాళ్లు రెండోదే తీసుకోమంటున్నారు. ఖరీదైన సబ్‌లలో కూడా ఆంప్ (యాంప్లిఫైయర్) నాలుగైదేళ్లకే పోతోందని కొందరు భయపెడుతున్నారు. దేన్ని చూసి కొనాలి సర్?

జవాబు: ముందు వాట్ల సంగతి పక్కన పెట్టండి. 500 వాట్లని 1,000 చేసినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కాస్త పెరిగినట్టుందే అనిపించేంత తేడా. అందులోనూ పీక్ అని రాసిన అంకె ఎంతసేపటికి, ఎంత డిస్టార్షన్‌తో అన్నది ఎవరూ చెప్పరు కాబట్టి దాన్ని నమ్మి లక్షన్నర పెట్టకూడదు. బేస్ అంటే కదిలిన గాలి. హెర్ట్జ్ అంకె తగ్గేకొద్దీ బేస్ కిందికి వెళ్తుంది; 40 హెర్ట్జ్ దగ్గర వస్తున్న సౌండే 20 హెర్ట్జ్ దగ్గర కూడా రావాలంటే కోన్ (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి భాగం) నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ ఊగాలి. కోన్ ఎంత పెద్దది, గీరుకోకుండా ఎంత ఊగుతుంది, డబ్బా ఎంత పెద్దది, వీటిని బట్టే పని జరుగుతుంది. డబ్బా చిన్నదైతే ఆ లోటంతా పవర్ కుమ్మరించి పూడ్చాలి. బాబ్ కార్వర్ 1990లలో సన్‌ఫైర్ పేరుతో 11 అంగుళాల బుల్లి డబ్బాలో 2,700 వాట్ల ఆంప్ పెట్టింది అందుకే.

వాట్లకు బదులు సీటీఏ-2010 కొలతలు ఉన్నాయా అని అడగండి. 20, 25, 31.5, 40, 50, 63 హెర్ట్జ్ దగ్గర చిన్న చిన్న బర్స్ట్‌లు ఇచ్చి, డిస్టార్షన్ హద్దు దాటకుండా ఎంత సౌండ్ వస్తుందో కొలిచే పద్ధతి ఇది. సినిమాకైతే 20, 25 అంకెలు చూడండి, ఎక్కువ తేడాలు అక్కడే బయటపడతాయి. ఒక్క జాగ్రత్త: కొందరు 1 మీటర్ దూరంలో పీక్ చెబుతారు, కొందరు 2 మీటర్ల దగ్గర ఆర్‌ఎంఎస్ (ఒకరకం సగటు) చెబుతారు. ఒకే సబ్‌కి ఈ రెండు అంకెల మధ్య 9 డెసిబెల్స్ తేడా వస్తుంది, అది చూసుకోకుండా రెండు బ్రాండ్లని పోల్చితే తప్పు సబ్ కొంటారు.

ఇక మీ గది. అమెరికాలో చాలా ఇళ్లకి చెక్క ఫ్రేము, జిప్సం బోర్డు గోడలు ఉంటాయి, బేస్ చాలావరకు వాటిలోంచి బయటికి పోతుంది. మన ఇటుక గోడలు, స్లాబు అలా పోనివ్వవు, కాబట్టి తలుపు వేసిన చిన్న గదిలో కింది బేస్‌కి గదే బలం ఇస్తుంది. సీల్డ్ సబ్ కిందికి వెళ్లేకొద్దీ ఆక్టేవ్‌కి (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతుంది, ఆ తగ్గినదాంట్లో కొంత గది పూడుస్తుంది. పోర్టెడ్ సబ్ దాని ట్యూనింగ్ (ఆ రంధ్రానికి కుదిర్చిన హెర్ట్జ్) దాకా గట్టిగా కొట్టి, ఆ కింద 24 చొప్పున పడిపోతుంది. హాలూ డైనింగూ కలిసిన పెద్ద చోటైతే నేను పోర్టెడే చెప్పేవాణ్ని. మీ గదికి మాత్రం సీల్డ్ తీసుకోండి.

ఇంకో మాట, అవే గోడల వల్ల రూమ్ మోడ్స్ కూడా గట్టిగా ఉంటాయి. 14 అడుగుల వైపు సుమారు 40 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వైపు సుమారు 47 దగ్గర మీ గది మోగుతుంది. సోఫాలో ఒక సీట్లో గుండె అదురుతుంది, పక్క సీట్లో బేసే ఉండదు. షోరూమ్ డెమోలో ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ విన్నది ఆ గదిని. ఇంటికి తెచ్చాక సబ్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంబడి మోకాళ్ల మీద తిరుగుతూ వినండి, బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్ అక్కడికి మార్చండి. యూమిక్-1 లాంటి మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే పని ఇంకా తేలిక. ఉన్న డబ్బుతో ఒక పెద్దదానికి బదులు రెండు మోస్తరువి వస్తాయంటే రెండే కొనండి. హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002లోనే ఎక్కువ సబ్‌లు పెడితే సీటు సీటుకీ తేడా ఎంత తగ్గుతుందో లెక్కకట్టి చూపించారు.

ఇప్పుడు అసలు భయం, ఆంప్. మంచి డ్రైవరు (కోన్ ఉన్న స్పీకర్ భాగం), మంచి డబ్బా ఇరవై ఏళ్లయినా ఉంటాయి. ముందు పోయేది ఆంప్, ఇది ఏ ఒక్క కంపెనీ గొడవా కాదు. వెనక ప్లేటుకి బిగించిన బోర్డు గాలాడని డబ్బాలో ఉంటుంది, సినిమా నడిచినంతసేపూ అదురుతుంది, సినిమా లేనప్పుడు స్టాండ్‌బైలో రోజంతా వెచ్చగా ఉంటుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. మన మే నెలలో టీవీ యూనిట్ కింద గోడకి ఆనించి తోసేసిన సబ్ పరిస్థితి ఆలోచించండి. కొన్ని బోర్డుల మీద పార్టులు కదలకుండా పూసిన పసుపు జిగురు కూడా, ఏళ్లు గడిచి గోధుమరంగులోకి మారాక, కరెంటు పాకనిచ్చి కింద ఉన్న పార్టుల కాళ్లని తినేస్తుంది.

అందుకని డీలర్‌ని సూటిగా అడగండి: ఆంప్ ప్లేటు విడిగా దొరుకుతుందా, ఇండియాలో స్టాక్ ఎవరి దగ్గర ఉంది, ధర ఎంత, వారంటీలో డ్రైవరుకి ఎన్నేళ్లు, ఎలక్ట్రానిక్స్‌కి ఎన్నేళ్లు? రెండింటికీ వేర్వేరు కాలం ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, బిల్లు మీద పెద్ద అక్షరాల్లో కనపడేది డ్రైవరుది. జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. తడబడితే ఆ సబ్ ఎంత బాగా మోగినా వద్దు, ముప్పై నలభై కిలోల డబ్బాని సర్వీసుకి ఊళ్లు తిప్పడం మామూలు టెన్షన్ కాదు. టెన్షనే వద్దనుకుంటే పాసివ్ సబ్ (లోపల ఆంప్ లేనిది) తీసుకుని డీఎస్‌పీ (సౌండ్‌ని సరిచేసే చిప్) ఉన్న ర్యాక్ ఆంప్ బయట పెట్టుకోండి, ఆంప్ పోతే ఆంప్ ఒక్కటే మారుస్తారు. చూపుకి అంత నీటుగా ఉండదు గానీ, నా ఇష్టం అదే.

మెయిన్ బోర్డులో ఓవర్ వోల్టేజ్ కటాఫ్ కూడా పెట్టించండి. త్రీ ఫేజ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో న్యూట్రల్ ఊడితే మీ ప్లగ్గులోకి 400 వోల్టుల దాకా రావచ్చు, ఆ దెబ్బని స్పైక్ గార్డ్ ఆపలేదు.

ప్రశ్న: విశాఖలో బీచ్‌కి దగ్గర్లో ఉంటాం. ఏడేళ్ల నాటి సబ్‌లో ఎర్ర లైటు ఆకుపచ్చగా మారడం మానేసింది. మొదట్లో గంటసేపు ఆన్‌లో ఉంచితే పట్టుకునేది, ఇప్పుడు అదీ లేదు. సర్వీస్ సెంటర్‌లో మోడల్ ఆగిపోయింది, కొత్తది కొనుక్కోండి అంటున్నారు. పారేయాల్సిందేనా?

జవాబు: పారేయకండి. మీరు చెప్పిన లక్షణం చూస్తే స్టాండ్‌బై సప్లై మీదే అనుమానం. వేడెక్కే రెసిస్టర్ పక్కన చిన్న కెపాసిటర్ ఒకటి ఏళ్ల తరబడి ఉడికి ఉంటుంది. ప్లేటు విప్పి చూస్తే ఆ చోట బోర్డు నల్లబడి, కెపాసిటర్ నెత్తి ఉబ్బి కనిపించవచ్చు. ఆ పార్టు ఖరీదు పదుల్లోనే. అయితే మీరు మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో 320 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) పని బాగా తెలిసిన మెకానిక్ దగ్గరికి ప్లేటు ఒక్కటే పంపండి, డబ్బా ఇంట్లోనే ఉండనివ్వండి.

ప్లేటు విప్పినప్పుడు డ్రైవరు వైర్లు రెండూ ఊడదీసి 1.5 వోల్టుల బ్యాటరీ క్షణం తాకించమనండి. కోన్ గీరుకోకుండా కదిలితే డ్రైవరు బాగున్నట్టే, ఈ సబ్ మీద డబ్బు పెట్టొచ్చు. మీది సముద్రపు గాలి కాబట్టి సాకెట్లు, కనెక్టర్లు కూడా క్లీన్ చేయించండి.

బోర్డు పూర్తిగా కాలిపోయి ఉంటే వేరే ప్లేటు ఆంప్ పెట్టొచ్చు, కానీ ఆ డ్రైవరుకి తగ్గ ఈక్యూ (సౌండ్ హెచ్చుతగ్గుల సర్దుబాటు), లిమిటర్ (హద్దు దాటనివ్వనిది) పాత బోర్డు డీఎస్‌పీలోనే ఉండేవి. అవి లేకుండా పోర్టెడ్ సబ్ నడిపితే ట్యూనింగ్ కింద కోన్ అదుపు తప్పి ఊగుతుంది, కాబట్టి హైపాస్ ఫిల్టర్ (మరీ కింది బేస్‌ని ఆపేది) తప్పనిసరి. వెలోడైన్ డీడీ, రిథ్మిక్ లాంటి సర్వో సబ్ అయితే కోన్ కదలికని కనిపెట్టే సెన్సార్ ఉంటుంది, బయటి ప్లేటు పెడితే సర్వో పనిచేయదు. అలాంటివాటికి పాత బోర్డే బాగుచేయించాలి.

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి గుంటూరుకి వచ్చేస్తున్నాం. సబ్ తెచ్చుకోవచ్చా? అడాప్టర్ ప్లగ్ సరిపోతుందా?

జవాబు: వెనక లేబుల్ చదవండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 115/230 స్విచ్ ఉంటే ఇక్కడ తగిలించేముందే 230కి మార్చండి. ఒట్టి 120 అని ఉంటే ఇక్కడి కరెంటుకి నేరుగా పెట్టిన మరుక్షణం ఫ్యూజో, కెపాసిటర్లో పేలిపోతాయి. లోపల జంపర్ మార్చి 230కి తేగల మోడళ్లు కొన్ని ఉన్నాయి, బయల్దేరే ముందు కంపెనీకి మెయిల్ పెట్టి కనుక్కోండి. లేబుల్ మీద 60 హెర్ట్జ్ ఒక్కటే ఉండి, లోపల పాతకాలపు బరువు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే మన 50 మీద అది ఇంకా వేడెక్కి గుయ్‌మంటుంది, దాన్ని అక్కడే అమ్మేసి రండి.

మిగతావాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేబుల్ మీద ఉన్న వాట్లకి ఒకటిన్నర రెట్లు తగ్గకుండా. హెయిర్ డ్రయ్యర్లకి అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ పెడితే ఆంప్ చచ్చిపోతుంది. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ విరగ్గొట్టకండి, ముందు కేబుల్ టీవీ వైరు తీసి చూడండి, చాలాసార్లు హమ్ అక్కడి నుంచే వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాక దాని అవుట్‌పుట్ మల్టీమీటర్‌తో కొలిచి, 110కీ 120కీ మధ్య ఉందని చూసుకున్నాకే సబ్ తగిలించండి.