టెక్ సందేహాలు: నాన్న పీఎం కిసాన్ డబ్బులు ఏ బ్యాంకులో పడ్డాయి?

మా నాన్నకు పీఎం కిసాన్ డబ్బులు ఎప్పుడూ ఊళ్లోని గ్రామీణ బ్యాంకులోనే పడేవి. ఈసారి స్టేటస్‌లో జమ అయినట్టే చూపిస్తోంది, పాస్‌బుక్‌లో లేవు. ఎవరైనా కాజేశారేమోనని ఆయనకు ఒకటే టెన్షన్. (నంద్యాల నుంచి ఓ పాఠకురాలు)

కాజేశారని అప్పుడే అనుకోకండి. ఈ మధ్య సిమ్ షాపులోనో, ఇంకెక్కడైనానో కొత్త ఖాతా తెరిచారేమో ముందు నాన్నను అడగండి.

ఏడాదికి మూడు విడతలుగా వచ్చే ఆ 6,000 రూపాయలు ఖాతా నంబరును బట్టి కాదు, ఆధార్ నంబరును బట్టి జమ అవుతాయి. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అన్న చిట్టా బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దగ్గర ఉంటుంది. దాన్ని మ్యాపర్ అంటారు. అందులో బ్యాంకు పేరే తప్ప ఖాతా నంబరు ఉండదు. ఊరి పేరు రాసి ఇంటి నంబరు వదిలేసిన ఉత్తరం లాంటిదన్నమాట, ఇల్లు వెతుక్కునే పని బ్యాంకుది. పైగా ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే. కొత్త ఖాతా ఫారంలో ‘సబ్సిడీలు ఇందులోకే’ అన్న గడిలో టిక్ పడితే పాత బ్యాంకు పేరు పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు! 2017లో లక్షల మంది గ్యాస్ సబ్సిడీ ఇలాగే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాల్లోకి వెళ్లిపోతే, ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకోవడం) అనుమతిని కొన్నాళ్లు ఆపేసింది.

మైఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. బ్యాంకు పేరు కనిపిస్తుంది, డబ్బులు అక్కడ వెతకండి. మళ్లీ పాత బ్యాంకులోనే పడాలంటే కౌంటర్‌లో ‘ఆధార్ లింక్ చేయండి’ అనకండి. ‘అయ్యే ఉందమ్మా’ అని పంపేస్తారు, వాళ్లు చెప్పేది కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు సంగతి. ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్’ (ప్రభుత్వ డబ్బులు నేరుగా పడేలా ఆ చిట్టాలో ఈ బ్యాంకు పేరు ఎక్కించడం) అని అడిగి, సమ్మతి పత్రం ఇచ్చి రండి.

అమ్మ మిరపకోతకు వెళ్తుంది. ఈకేవైసీకి వేలిముద్రలు పడటం లేదు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది. (ఖమ్మం)

పీఎం కిసాన్ యాప్‌లో 2023 నుంచి ముఖంతో ఈకేవైసీ ఉంది. ఫోన్ అమ్మదే కానక్కర్లేదు, మీ ఫోన్‌లోనూ చేయొచ్చు. ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ అనే మరో యాప్ కూడా వేసుకోవాలి. మా పెద్దమ్మకు చేస్తుంటే నాలుగుసార్లు ఫెయిలైంది. వసారాలో ఎండకు వీపు పెట్టి కూర్చుంది, ముఖమంతా నీడ. కుర్చీ ఇటు తిప్పి, కొంగు తలమీంచి తీసి, కళ్లు ఆర్పమంటే పనైపోయింది.

ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాను. పీఎం కిసాన్‌లో నా పేరు ఎక్కదు. భూమి ఆసామిది, ఆయన ఉండేది హైదరాబాద్‌లో. యాప్ లోపమా? (గుంటూరు జిల్లా)

యాప్‌ది కాదు, పథకం రాసిన తీరే అంత. భూమి రికార్డుల్లో పేరున్న కుటుంబానికే ఇస్తారు. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు, 2019 జూన్ నుంచి ఆ పరిమితీ తీసేశారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, నెలకు 10,000 అంతకు మించి ప్రభుత్వ పెన్షన్ అందుకునేవాళ్లు (నాలుగో తరగతి ఉద్యోగులు మినహా), డాక్టర్లు, లాయర్లలాంటి వృత్తుల వాళ్లు అనర్హులు. దుక్కి దున్నేది ఎవరన్నది మాత్రం ఎక్కడా అడగరు. నాకైతే ఇదే పెద్ద లోపం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు తీసుకోవచ్చు, 11 నెలలు చెల్లుతుంది. పంట రుణానికి, బీమాకు పనికొస్తుంది. ఆసామి సంతకం కావాలి, అసలు తిప్పలు అక్కడే. ఒప్పించేటప్పుడు దీనివల్ల ఆయన భూమి హక్కుకు ఏమీ కాదని చెప్పండి. చట్టంలోనే ఉంది.

వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ ఏపీకే’ వచ్చింది. వేసుకోవచ్చా? (కరీంనగర్)

వద్దు. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు. అసలు యాప్ ప్లే స్టోర్‌లో ఉంది. ఇప్పటికే వేసుకుని ఉంటే ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ తర్వాత గ్రూపులోనూ ఒక మాట పెట్టండి, పంపినాయన ఫోన్ కూడా ఈపాటికి దొంగల చేతిలో ఉండొచ్చు.